నంబరు మారిపోయిన సూట్‌కేస్ తాళం: విరగ్గొట్టకుండా తెరవడం, కొత్త నంబరు పెట్టడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ట్రాలీ సూట్‌కేస్ పక్క భాగంలో మూడంకెల నంబర్ లాక్ అమర్చి ఉంది. కిందటి ప్రయాణం వరకు అది మీరు పెట్టుకున్న నంబరుతోనే తెరుచుకుంది. ఇప్పుడు అదే నంబరు పెట్టినా మీట కదలడం లేదు. తాళం మీద తాళంచెవి రంధ్రం ఉంది గాని, పెట్టెతోపాటు తాళంచెవి రాలేదు. పగలగొట్టకుండా తెరవడం సాధ్యమా, తెరిచిన తరువాత కొత్త నంబరు ఎలా పెట్టాలి అని అడిగారు.

సాధ్యమే. మూడంకెల తాళంలో 000 నుంచి 999 వరకు ఉండేవి 1000 నంబర్లు మాత్రమే. మీకు ఒక్క అంకె కూడా గుర్తు లేకపోయినా, ఓపికగా వరసలో ప్రయత్నిస్తే అరగంట నుంచి గంట లోపు తెరుచుకుంటుంది. అయితే ఆ పని చివరికి ఉంచుకోండి. సూట్‌కేసులు, బ్రీఫ్‌కేసులు బాగుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా నేను చూసినంతలో, "నంబరు మారిపోయింది" అంటూ వచ్చే తాళాల్లో ఎక్కువ భాగానికి నంబరు అసలు మారి ఉండదు, లేదా పాత నంబరుకు ఒక అడుగు దూరంలోనే ఉంటుంది. అందుకే ముందు తాళానికి ఏం జరిగిందో తేల్చుకోవాలి. చక్రాలను తిప్పడానికి ముందే ఇప్పుడు తాళం మీద కనిపిస్తున్న మూడంకెలను ఒక కాగితం మీద రాసుకోండి. అవి తరువాత అవసరపడవచ్చు.

మొట్టమొదట చూడవలసినది తాళం మీద పడుతున్న బరువు. పెట్టెను కుక్కి నింపినప్పుడు జిప్ కొసలు తాళంలోని కొంకిని బలంగా లాగుతుంటాయి. ఆ లాగుడుకు కొంకి బిగుసుకుపోయి, నంబరు సరైనదే అయినా మీట కదలదు. పెట్టెను పడుకోబెట్టి, తాళానికి దగ్గరగా మూతను ఒక చేత్తో గట్టిగా అదిమి, జిప్ కొసలను తాళం లోపలివైపు నెట్టి పట్టుకుని, అప్పుడు మీ పాత నంబరుతో మీటను కదిపి చూడండి. ప్రయాణం ముందురోజు ఒకావిడ నిండుగా సర్దిన పెట్టెను నా దగ్గరకు తెచ్చి, నంబరు పోయిందని చాలా కంగారుపడ్డారు. నేను మూతను అదిమి పట్టుకుంటే, ఆవిడ నంబరుతోనే, ఆవిడ చేతితోనే తెరుచుకుంది. ఇలాంటి సందర్భంలో మీటను బలవంతంగా లాగితే లోపలి సన్నని రేకు వంగిపోతుంది, అప్పుడు నిజంగానే తాళం పాడవుతుంది.

రెండవది, నంబరును ఏ గీత దగ్గర చదువుతున్నారన్నది. చక్రాల పక్కన సన్నని గీత గాని, చిన్న బాణం గుర్తు గాని ఉంటుంది. కొన్ని తాళాల్లో ఒకేసారి రెండు మూడు వరసల అంకెలు కంటికి కనిపిస్తాయి, గుర్తు చెరిగిపోయి ఉంటే ఏ వరసను చదవాలో తెలియదు. అలాంటప్పుడు మూడు చక్రాలనూ కలిపి ఒక అంకె ముందుకు, తరువాత ఒక అంకె వెనక్కు జరిపి చూడండి. నంబరు 482 అయితే 593, 371 ప్రయత్నించాలన్నమాట. పెట్టెను మామూలుగా నిలబెట్టి కాకుండా తలకిందులుగా పడుకోబెట్టి చదివితే అంకెల క్రమం తిరగబడుతుంది, 6 కాస్తా 9 అవుతుంది. 691 అని మీరు గుర్తుపెట్టుకున్నది అటువైపు నుంచి చూస్తే 169 కావచ్చు.

ఈ రెండూ కాకపోతే, నంబరు నిజంగానే మారిందని అనుకోవచ్చు. అది ఎలా మారుతుందో తెలియాలంటే తాళం లోపల ఏముందో కొంచెం చెప్పాలి.

మనం తిప్పే ప్రతి అంకెల చక్రం లోపల ఒక చిన్న ఉంగరం ఉంటుంది. ఆ ఉంగరం అంచున ఒకచోట గాడి ఉంటుంది. మూడు ఉంగరాల గాడులూ ఒకే వరసలోకి వచ్చినప్పుడు మాత్రమే కొంకిని పట్టి ఉంచిన రేకు ఆ గాడుల్లోకి దిగి, మీట కదలడానికి దారి ఇస్తుంది. మామూలుగా చక్రం, ఉంగరం సన్నని పళ్లతో ఒకదానినొకటి పట్టుకుని కలిసి తిరుగుతాయి. నంబరు మార్చుకోవడానికి తాళం మీద ఉండే చిన్న బటన్‌ను, అంటే రీసెట్ బటన్‌ను నొక్కినప్పుడు, క్లచ్ నొక్కితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగినట్టు, ఆ పట్టు విడిపోతుంది. అప్పుడు పైనున్న అంకెల చక్రం ఒక్కటే తిరుగుతుంది, గాడులు తెరిచి ఉన్న స్థితిలోనే ఆగి ఉంటాయి. బటన్ తిరిగి పైకి వచ్చిన క్షణంలో గీత దగ్గర ఏ అంకెలు ఉంటే అవే కొత్త నంబరు. ఇందువల్ల మీరు పెట్టుకున్న నంబరు తయారీదారుకు కూడా తెలియదు, వారిని అడిగినా మొదటి నంబరు సాధారణంగా 000 అని మాత్రమే చెప్పగలరు.

దీని నుంచే నంబరు దానంతట అది మారినట్టు అనిపించే సందర్భాలు అర్థమవుతాయి. పెట్టె తెరిచి ఉండగా, అంటే తాళం సరైన నంబరు మీద ఉండగా, రీసెట్ బటన్‌కు ఏదైనా మొన తగిలి లోపలికి పోయిందనుకోండి. లోపలివైపు చిన్న మీటతో మార్చే రకమైతే సర్దేటప్పుడు బట్టల మడత తగిలి అది పక్కకు జరిగిందనుకోండి. ఆ సమయంలో పిల్లలు చక్రాలు తిప్పినా, మీరే అలవాటుగా చెదరగొట్టినా, తరువాత మీట కదిపినప్పుడు బటన్ పైకి వచ్చి అప్పుడున్న అంకెలే నంబరుగా స్థిరపడతాయి. అందుకే ఇందాక రాసుకున్న అంకెలను ఒకసారి ప్రయత్నించమంటాను. పెట్టె మూసిన తరువాత ఎవరూ చక్రాలు తిప్పకపోయి ఉంటే, ఆ అంకెలతోనో వాటికి చాలా దగ్గరి అంకెలతోనో తెరుచుకునే అవకాశం ఉంది.

ఇంతకన్నా తరచుగా నేను చూసేది మరొకటి. నంబరు పెట్టుకునే సమయంలోనే ఒక చక్రం ఒక అంకె జరిగిపోతుంది. పెన్ను మొనతో బటన్ నొక్కి పట్టుకున్న చెయ్యి అదరడం, బొటనవేలు పక్క చక్రాన్ని రాసుకోవడం వంటివి చాలు. కొత్తగా నంబరు మార్చిన వెంటనే తెరుచుకోని తాళాలకు ఇదే ముఖ్య కారణం. దీనికి పరీక్ష సులభం. ప్రతి అంకెకు దానినీ, ముందుదానినీ, వెనుకదానినీ కలిపితే మూడు అవకాశాలు, మూడు చక్రాలకు 3×3×3, అంటే 27 నంబర్లు. ఈ 27 నంబర్లను తప్పకుండా, కాగితం మీద రాసుకుని, ఒక్కటి కూడా వదలకుండా ప్రయత్నించండి. రెండు మూడు నిమిషాలకు మించదు. అంకెలు గుర్తుండి క్రమం గుర్తు లేకపోతే ప్రయత్నించవలసినవి 6. ఒక అంకె, దాని స్థానం మాత్రమే ఖాయంగా తెలిస్తే 100. చాలామంది ఈ చిన్న లెక్క వేసుకోకుండా తోచిన నంబర్లన్నీ కలగాపులగంగా తిప్పుతారు, ఏది ప్రయత్నించారో ఏది ప్రయత్నించలేదో వారికే తెలియకుండా పోతుంది.

ఇక పూర్తి వరస. ఎడమ చక్రం 0, మధ్య చక్రం 0 మీద ఉంచి, కుడి చక్రాన్ని 0 నుంచి 9 వరకు తిప్పండి. ప్రతి అంకె దగ్గరా మీటను తేలికగా కదిపి చూడండి. అది కాగానే మధ్య చక్రాన్ని ఒక అంకె జరిపి, కుడి చక్రాన్ని ఆగినచోటి నుంచే మళ్లీ ఒక పూర్తి చుట్టు తిప్పండి. చక్రం గుండ్రనిదే కనుక దానిని ప్రతిసారీ 0 దగ్గరకు తేవలసిన పని లేదు. ఒక్కో నంబరుకు రెండు సెకన్లు పట్టినా మొత్తం సుమారు 33 నిమిషాలు. మీటను గట్టిగా లాగి పట్టుకుంటే చక్రాలు బిగుసుకుని వేళ్లు నొప్పి పుడతాయి. వేలి కొసతో తగినంత మాత్రమే ఒత్తిడి ఉంచితే, సరైన నంబరు వచ్చినప్పుడు మీట దానంతట అదే జారుతుంది. ప్రతి వంద పూర్తయినప్పుడు కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మధ్యలో ఎవరైనా పిలిచినా, మళ్లీ మొదటికి రావలసిన అవసరం ఉండదు. నాలుగంకెల తాళానికి మాత్రం నేను ఈ పద్ధతి చెప్పను. 10,000 నంబర్లకు ఇదే వేగంతో అయిదున్నర గంటలు పడుతుంది.

ఆ శ్రమ తగ్గించడానికి రెండు మార్గాలున్నాయి, నేను ముందుగా వీటినే వాడతాను. వీటికి కొంచెం చేతి అలవాటు కావాలి.

మొదటిది కంటితో చూసేది. మొబైల్ టార్చి వేసి, చక్రానికీ తాళం ఒంటికీ మధ్య ఉన్న సన్నని సందులోకి, వీలైతే భూతద్దంతో, చూడండి. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతుంటే లోపలి ఉంగరం మీద ఒకచోట గాడి గాని, చదునుగా కోసిన భాగం గాని కనిపిస్తుంది. కుడి సందులో కనిపించకపోతే ఎడమ సందులో చూడాలి. మూడు చక్రాల గాడులనూ ఒకే దిక్కుకు తెచ్చి ఆపండి. అప్పుడు గీత దగ్గర 3, 8, 1 ఉన్నాయనుకుందాం. తాళం తెరుచుకోకపోతే మూడింటినీ ఒక్కొక్క అంకె జరపండి: 492, 503, 614, ఇలా. గాడులు ఒకదానితో ఒకటి వరసలో ఉండడం ఖాయం కనుక పది ప్రయత్నాల లోపే అవి తెరుచుకునే దిక్కుకు చేరతాయి. సందులు మరీ సన్నగా ఉన్న తాళాల్లో, లోపల అడ్డు రేకు పెట్టిన తాళాల్లో ఇది పనిచేయదు.

రెండవది వేలితో పసిగట్టేది. మీట మీద తేలికపాటి ఒత్తిడి ఉంచి, మూడు చక్రాలనూ ఒక్కొక్కటిగా కొద్దిగా కదపండి. వాటిలో ఒకటి మిగిలిన రెంటికన్నా బిగువుగా ఉంటుంది. దానిని అంకె తరువాత అంకెగా తిప్పుతూ వెళితే ఒకచోట చిన్న వదులు తెలుస్తుంది, మీట కూడా వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ చక్రాన్ని అక్కడే వదిలి, ఇప్పుడు బిగువెక్కిన చక్రం ఏదో వెతికి దానితో ఇదే పని చేయాలి. భాగాలు కొలతకు కచ్చితంగా లేని తాళాల్లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కొన్ని తాళాల్లో మోసపుచ్చడానికే లోతులేని దొంగ గాడులు పెడతారు. అక్కడ వదులు వచ్చినట్టే అనిపిస్తుంది గాని తరువాతి చక్రం బిగువెక్కదు. అలా జరిగితే ఆ చక్రాన్ని ఇంకా ముందుకు తిప్పాలి. నాలుగంకెల తాళం తెచ్చినవారికి నేను ఈ రెండు పద్ధతులతోనే తెరిచి ఇస్తుంటాను.

మీరు అడిగిన తాళంచెవి రంధ్రం సంగతి. దాని పక్కన ఎర్రని డైమండ్ ఆకారపు గుర్తు, టీఎస్ఏ 002 లేదా టీఎస్ఏ 007 వంటి సంఖ్య ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ రంధ్రం మీ కోసం పెట్టింది కాదు. 2001లో అమెరికాలో ఏర్పడిన రవాణా భద్రతా సంస్థ (టీఎస్ఏ అంటే అదే) సామాను తనిఖీ చేసేటప్పుడు తాళం విరగ్గొట్టకుండా తెరవడానికి చేసుకున్న ఏర్పాటు అది. ఆ సంఖ్య ఏ మాస్టర్ కీ వాడాలో తనిఖీ సిబ్బందికి చెబుతుంది. కొన్న పెట్టెలో తాళంచెవి లేకపోవడం లోపం కాదు. 2014లో ఆ మాస్టర్ కీల ఫోటో ఒకటి వార్తాపత్రికలో రావడం, 2015లో వాటిని త్రీడీ ప్రింటర్‌తో తయారుచేసే నమూనాలు ఇంటర్నెట్‌లోకి చేరడం వల్ల వాటి నకళ్లు దొరుకుతున్నాయి. వాటిని కొని ప్రయత్నించమని నేను చెప్పను. అలా తెరిచినంత మాత్రాన మీ నంబరు ఏదో తెలియదు, నంబరు తెలియనిదే తాళం మీ చేతిలోకి తిరిగి రాదు. హెయిర్ పిన్నులు, సూదులు ఆ రంధ్రంలో పెట్టడం అంతకన్నా నష్టం. లోపలి పలుచని రేకులు ఒకసారి వంగితే తనిఖీ సిబ్బంది తాళంచెవి కూడా పనిచేయదు, అప్పుడు వారు తాళాన్ని కోసి తెరవవలసి వస్తుంది.

ఏదీ ఫలించక తప్పనిసరిగా పగలగొట్టవలసి వస్తే, దేనిని పగలగొట్టాలో ఆలోచించండి. జిప్ కొసలకు విడిగా తగిలించిన చిన్న తాళమైతే దాని కడ్డీని బోల్ట్ కట్టర్‌తో తుంచేయవచ్చు, పెట్టెకు ఏమీ కాదు. మీ పెట్టెలా తాళం ఒంటిలోనే అమర్చినదైతే స్క్రూడ్రైవర్‌తో పెకలించవద్దు. గట్టి ప్లాస్టిక్ పెట్టెలు ఆ మూల దగ్గరే పగుళ్లు బారతాయి, ఆ పగులు నేను కూడా బాగుచేయలేను. తాళం సాధారణంగా లోపలి గుడ్డ వెనుక ఒకటి రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. లోపలికి చేరడానికి, పళ్ల స్థానంలో నైలాన్ చుట్టలున్న జిప్ అయితే, బాల్‌పెన్ మొనను రెండు వరసల మధ్య గుచ్చి నెడితే జిప్ విచ్చుకుంటుంది. తాళం ఊడదీసిన తరువాత రెండు జిప్ కొసలనూ ఒకసారి ఆ భాగం మీదుగా నడిపిస్తే చాలావరకు తిరిగి మూసుకుంటుంది. (ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే విలువైన వస్తువులను గుడ్డ పెట్టెలో తాళం వేసి పంపాలని మీకు ఎప్పటికీ అనిపించదు.) కొత్త తాళం కొనేటప్పుడు స్క్రూ రంధ్రాల మధ్య దూరం, తాళం పొడవు కొలిచి తీసుకోవాలి. తాళాలు తీసేవారిని పిలిస్తే, పెట్టె మీదేనని తెలిపే రసీదు గాని, లోపల ఏమేమి ఉన్నాయో చెప్పగల జాబితా గాని అడుగుతారు. అడగకుండా తెరిచేవారి దగ్గరకు వెళ్లకపోవడమే మంచిది.

ఇప్పుడు కొత్త నంబరు పెట్టడం. అన్ని రకాలకూ మూలసూత్రం ఒకటే: తాళం సరైన నంబరు మీద, తెరిచిన స్థితిలో ఉన్నప్పుడే నంబరు మార్చాలి. మూసి ఉన్నప్పుడు రీసెట్ బటన్ సాధారణంగా లోపలికి పోదు. బలవంతంగా నొక్కితే లోపలి పళ్లు అరిగి, ఆ తరువాత ఏ నంబరూ నిలవదు.

మీ తాళం వంటి వాటిలో చక్రాల పక్కన లోతుగా ఒక చిన్న బటన్ ఉంటుంది. సరైన నంబరు పెట్టి, పెన్ను మొనతో టక్‌మని శబ్దం వచ్చేవరకు దానిని నొక్కండి. చాలావాటిలో అది లోపలే నిలిచిపోతుంది, చేత్తో పట్టుకుని ఉండనవసరం లేదు. ఇప్పుడు కొత్త అంకెలను గీతకు సరిగ్గా ఎదురుగా తెచ్చి, పెట్టె తెరిచే మీటను ఒకసారి పూర్తిగా జరపండి. బటన్ మళ్లీ పైకి వస్తుంది, నంబరు స్థిరపడుతుంది. చక్రం రెండు అంకెల మధ్య సగంలో ఆగి ఉండగా మీట జరిపినా ఇందాక చెప్పిన ఒక అంకె తేడా వస్తుంది. కనుక జరిపేముందు మూడు చక్రాలనూ ఒకసారి వేలితో తాకి, అవి కుదురుగా కూర్చున్నాయో లేదో చూసుకోండి.

బ్రీఫ్‌కేసుల్లోనూ కొన్ని గట్టి పెట్టెల్లోనూ మూత లోపలివైపు చిన్న మీట ఉంటుంది. దానిని పక్కకు జరిపి, నంబరు పెట్టి, తిరిగి పాత చోటుకు తప్పకుండా తేవాలి. తేవడం మరిచిపోతే తాళం ఏ నంబరుకైనా తెరుచుకుంటూ ఉంటుంది, అది చెడిపోయిందని జనం అనుకుంటారు. బ్రీఫ్‌కేసుకు రెండు వైపులా రెండు తాళాలుంటే అవి దేనికదే వేరు, ఒకదానికి పెట్టిన నంబరు రెండవదానికి వర్తించదు. విడి తాళాల్లో చాలావాటికి యు ఆకారపు కడ్డీనే రీసెట్‌కు వాడతారు. తెరిచాక కడ్డీని 90 లేదా 180 డిగ్రీలు తిప్పి, కిందికి నొక్కి పట్టుకుని అంకెలు మార్చి, వదిలి, తిరిగి మామూలు చోటుకు తేవాలి. ఎంత తిప్పాలన్నది తాళాన్ని బట్టి మారుతుంది. సరైన చోట కడ్డీ తేలికగా కిందికి దిగుతుంది, దిగకపోతే అది ఆ చోటు కాదు.

నంబరు మార్చిన వెంటనే పెట్టె మూయవద్దు. మూత తెరిచి ఉండగానే చక్రాలను పూర్తిగా చెదరగొట్టి, కొత్త నంబరు మళ్లీ పెట్టి, మీట కదులుతుందో లేదో మూడుసార్లు చూడండి. చెదరగొట్టినప్పుడు మీట కదలకూడదు, కొత్త నంబరు పెట్టినప్పుడు మాత్రమే కదలాలి. ఈ రెండూ చూసుకున్నవారెవరూ నా దగ్గరకు మూసుకుపోయిన పెట్టెతో తిరిగి రాలేదు. నంబరును పెట్టె లోపల గాని, దానికి వేలాడే పేరు చీటీ మీద గాని రాయవద్దు. మొబైల్‌లో ఒకచోట, ఇంట్లో మరొకరి దగ్గర ఒకచోట ఉంచండి. తాళం వేసిన ప్రతిసారీ మూడు చక్రాలనూ తిప్పండి. చివరి చక్రాన్ని ఒక్క అంకె జరిపి వదిలేయడం చాలామందికి అలవాటు, దానివల్ల ఎవరైనా పది ప్రయత్నాల్లో మీ పెట్టె తెరవగలరు.

చక్రాలు గరగరలాడుతుంటే మెత్తని పాత టూత్‌బ్రష్‌తో సందుల్లోని దుమ్ము దులిపి, కొద్దిగా గ్రాఫైట్ పొడి వేయండి. వంటనూనె, కుట్టుమిషను నూనె వేయవద్దు. వేసిన రోజు బాగానే తిరుగుతాయి గాని, ఆ జిడ్డుకు దుమ్ము పట్టి కొన్ని నెలల్లో గాడులు పూడుకుపోతాయి. మీ తాళంలో కూడా పాత నంబరు సరైనదే అయి ఉండి, గాడిలో చేరిన మట్టి వల్లనే రేకు దిగలేకపోతుండవచ్చు. కనుక ఆ 27 నంబర్లు మొదలుపెట్టడానికి ముందు ఈ బ్రష్ పని కూడా చేసేయండి.